మాయ ఒకటా, రెండా?

మా అమ్మ అరటిపళ్ళు కొన్నప్పుడల్లా హస్తాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. రెండు పళ్ళు ఒకే తొక్కలో అంటుకుపోయి పెరిగిన జంటపండు కనబడితే తుంచి పక్కన పెట్టేస్తుంది. ఇంట్లో ఆడపిల్లలకు పెట్టదు. గుమ్మంలోకి వచ్చిన ఆవుకు పెడుతుంది, లేదంటే ఎవరూ చూడనప్పుడు తనే తినేస్తుంది. డెబ్బై అయిదు దాటాయి, ఇంకా ఆ నమ్మకం ఏమిటమ్మా అని ఒకసారి అడిగాను. "నమ్మకం కాదే. రేపు ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకూడదు కదా" అంది.

ఏమంటారో ఆమెకు బాగా తెలుసు. 1979లో విజయనగరం ఘోషాసుపత్రిలో నేనూ మా తమ్ముడూ పుట్టాం. కవలలం. వాడు నాకంటే పావుగంట ముందు పుట్టాడు, అయినా వాడే తమ్ముడు. "ముందు లోపలికెల్లింది ఎనక్కి ఒస్తాది, గోనెసంచిలో ఏసిన సామాను లాగ" అని మా నాన్నమ్మ తేల్చేసింది. ఈ రోజుకీ వాడు నన్ను అప్పా, అంటే అక్కా, అనే పిలుస్తాడు. ఆ మాట వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఆవిడ అన్న ఇంకో మాట మా అమ్మను జీవితమంతా వదల్లేదు.

"జంట అరటిపండు తినీసినావేటి?"

ఆసుపత్రి నుంచి చీపురుపల్లి దగ్గర మా ఊరికి తీసుకొచ్చిన రోజు మొదలు, చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ అదే అడిగారట. అమ్మకు మేము నాలుగో కాన్పు. ఇద్దరికీ పాలు చాలలేదు. తమ్ముడు మరీ పీలగా పుట్టాడు. దూదిలో చుట్టి, మంచం కింద కుంపటి పెట్టి, రెండు నెలలు వాణ్ణి కాపాడుకున్నారు. ఆ ఏడాది అమ్మ పొలం పనికి వెళ్ళలేకపోయింది, అప్పు చేయాల్సి వచ్చింది. ఆ కష్టాలన్నింటికీ కారణం ఆవిడ ఎప్పుడో, ఎక్కడో తిన్న ఒక పండు అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. మొదట్లో "తినలేదు అత్తా" అనేదట. నాకు ఊహ తెలిసేసరికి "ఏమో, తిన్నానేమో, గుర్తు లేదు" అనడం మొదలుపెట్టింది. తినని పండును తిన్నానని ఒక మనిషి తనను తానే నమ్మించుకోవడం నేను మా ఇంట్లోనే చూశాను.

అందుకే కవలలు ఎలా పుడతారన్నది సైన్సు పుస్తకంలో ఒక పాఠం మాత్రమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది తెలియకపోవడం వల్ల మా అమ్మ తరంలో నిందలు మోశారు. ఈ తరంలో నిందలు కొంచెం తగ్గాయి, కానీ అంతకంటే పెద్ద ప్రమాదం మిగిలే ఉంది. కడుపులో ఇద్దరు అని తెలియగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఒకేలా ఉంటారా?" అని. అడగాల్సిన ప్రశ్న అది కాదు. అడగాల్సింది "మాయ ఒకటా, రెండా?" అని. మాయ అంటే కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే భాగం, ఇంగ్లీషులో ప్లాసెంటా. మూడేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన సంగతి చూశాక ఇది కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాను. ఇక్కడా అందుకే రాస్తున్నాను.

ముందు మా సంగతే చెబుతాను. నేనూ తమ్ముడూ రెండు అండాల నుంచి వచ్చిన కవలలం. నాటుకోడి గుడ్డు పగలగొడితే అప్పుడప్పుడు రెండు సొనలు కనబడతాయి కదా, దాదాపు అలాంటిదే. కోడి కడుపులో రెండు సొనలు ఒకదాని వెంట ఒకటి విడుదలై ఒకే పెంకులో చేరిపోతాయి. ఆడమనిషికి మామూలుగా నెలకు ఒక అండం విడుదలవుతుంది. ఎప్పుడైనా ఒకే నెలలో రెండు విడుదలై, రెండింటినీ రెండు వేరువేరు వీర్యకణాలు చేరితే ఇద్దరు బిడ్డలు తయారవుతారు. ఇద్దరికీ ఎవరి మాయ వాళ్ళది, ఎవరి ఉమ్మనీటి సంచి వాళ్ళది. జన్యువుల లెక్కలో వాళ్ళు మామూలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ లాంటి వాళ్ళే. సగటున సగం కలుస్తాయి, సగం కలవవు. కాకపోతే ఒకే ఇంట్లో ఒకేసారి అద్దెకున్నారు. "మీరు కవలలా? అస్సలు పోలికే లేదే!" అని నన్నూ తమ్ముణ్ణీ చూసి ఆశ్చర్యపోయే వాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే. పోలిక ఉండాల్సిన అవసరం లేదు. ఒక ఆడ, ఒక మగ పుట్టారంటే వాళ్ళు రెండు అండాల కవలలే అని చెప్పేయవచ్చు. వైద్య చరిత్రలో దీనికి మినహాయింపులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2019లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వైద్యులు ఒక అండంలోకి రెండు వీర్యకణాలు చేరి పుట్టిన అబ్బాయి, అమ్మాయి గురించి రాసినప్పుడు అది ప్రపంచమంతా వార్త అయింది. అంత అరుదు.

రెండు అండాలు ఎందుకు విడుదలవుతాయి? మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అండాన్ని పెంచమని అండాశయానికి కబురు పంపే హార్మోను అందులోంచే వస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అంటారు. పిల్లల కోసం మందులు వాడిన వాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. ఆ హార్మోను ఎక్కువగా ఉంటే ఒకటికి బదులు రెండు అండాలు పక్వానికి రావచ్చు. వయసు పెరిగే కొద్దీ అండాశయం చురుకు తగ్గుతుంది, దాన్ని కదిలించడానికి శరీరం ఈ హార్మోనును ఇంకా ఎక్కువ చేస్తుంది. అందుకే ముప్పై దాటాక ఇలాంటి కవలలు పుట్టే అవకాశం పెరిగి, 35 నుంచి 39 ఏళ్ళ మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. కాన్పుల సంఖ్య పెరిగినా అవకాశం పెరుగుతుంది. పొడగరి ఆడవాళ్ళలోనూ కొంచెం ఎక్కువ. ఇక తల్లి వైపు వంశం. తల్లికి గాని, అమ్మమ్మకు గాని, తల్లి అక్కచెల్లెళ్ళకు గాని ఇలాంటి కవలలు ఉంటే ఆ అవకాశం ఈమెకూ రావచ్చు. 2016లో అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి కవలల తల్లుల జన్యువులను పరిశీలించి ఎఫ్‌ఎస్‌హెచ్‌బీ, స్మాడ్3 అనే రెండు జన్యువుల దగ్గర తేడాలు పట్టుకుంది. మొదటిది ఆ హార్మోను తయారీకి సంబంధించింది. రెండోది ఆ హార్మోను పిలుపుకు అండాశయం ఎలా స్పందిస్తుందో దానికి సంబంధించింది.

ఇది చదివిన రోజున నేను అమ్మ పక్కన కూర్చుని ఆమె వైపు వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ అడిగాను. మా అమ్మమ్మ చెల్లెలికి కవలలు పుట్టారట, అందులో ఒక బిడ్డ పురిట్లోనే పోయిందట. ఆ సంగతి మా నాన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. మేము పుట్టేనాటికి అమ్మకు ముప్పై ఒకటి, నాలుగో కాన్పు, పైగా మనిషి పొడగరి. కారణాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నట్టు కనబడ్డాయి. ఒక మనిషి విషయంలో ఇదే కారణమని గట్టిగా చెప్పలేం, నిజమే. కానీ అరటిపండు మాత్రం ఆ వరుసలో ఎక్కడా లేదు. చెట్టు మీద రెండు కాయలు దగ్గరగా పెరిగి తొక్కలు కలిసిపోతే జంటపండు అవుతుంది. తిన్నాక అది మామూలు పండు లాగానే అరుగుతుంది. అమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ నాన్నమ్మ ఉన్నప్పుడు ఈ మాట చెప్పాల్సింది" అంది.

"మా వంశంలో ఎవరికీ జంటలు లేరు" అని నాన్నమ్మ తరచూ అనేది, తప్పంతా కోడలిది అన్నట్టు. ఇందులో మొదటి ముక్క నిజమే కావచ్చు. భార్యకు ఏ నెలలో ఎన్ని అండాలు విడుదలవుతాయో నిర్ణయించేది మగవాడి జన్యువులు కావు. అయితే మగవాడు తన తల్లి నుంచి వచ్చిన ఆ గుణాన్ని కూతురికి అందించగలడు. మా తమ్ముడికి కవలలు పుట్టలేదు, వాడి కూతురికి రేపు పుట్టవచ్చు. "కవలలు ఒక తరం తప్పించి ఒక తరానికి వస్తారు" అని మన వైపు చెప్పుకోవడం ఇలా కొడుకుల మీదుగా మనవరాళ్ళకు చేరిన ఇళ్ళను చూసే అయి ఉంటుంది. తప్పకుండా తరం వదిలే వస్తుందన్న నియమం మాత్రం ఏదీ లేదు.

ఇప్పుడు రెండో రకం. ఒకే అండం, ఒకే వీర్యకణం, ఒకే పిండం. మొదటి రోజుల్లో అది రెండుగా విడిపోతుంది. ఇద్దరికీ దాదాపు అవే జన్యువులు. ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో. ఈ రెండు రకాలకూ తేడా అడిగిన వాళ్ళకు నేను మన కథలతోనే చెబుతాను. దశరథుడి పాయసంలో సుమిత్రకు రెండుసార్లు భాగం వచ్చింది, ఆమెకు లక్ష్మణ శత్రుఘ్నులు పుట్టారు. రెండు భాగాలు, ఇద్దరు బిడ్డలు. గాంధారి కథ అలా కాదు. ఆమెకు పుట్టింది ఒకటే పిండం, దాన్ని వ్యాసుడు ముక్కలు చేయిస్తే నూట ఒక్కమంది అయ్యారు. మొదటిది మా లాంటి కవలల పోలిక, రెండోది ఒకే అండం కవలల పోలిక. పురాణాల్లో ఈ సైన్సంతా ముందే రాసి ఉందని నేను చెప్పడం లేదు. వినేవాళ్ళకు తెలిసిన కథ కాబట్టి తొందరగా బుర్రకెక్కుతుంది, అంతే. కవలలు పుడితే మన జిల్లాల్లో రాముడు, లక్ష్మణుడు అని పేర్లు పెడతారు. వాళ్ళు కవలలు కారు, అసలు కవలలు లక్ష్మణుడూ శత్రుఘ్నుడూనూ.

ఒకే పిండం ఎందుకు విడిపోతుందో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. వంశాన్ని బట్టి రాదు, వయసును బట్టి పెద్దగా మారదు, దేశాన్ని బట్టీ మారదు. రెండు అండాల కవలలు ఆఫ్రికాలో చాలా ఎక్కువ, మన ఆసియాలో తక్కువ. ఒకే అండం కవలలు మాత్రం ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా 1000 కాన్పులకు దాదాపు 4 చొప్పునే ఉంటారు. 2021లో వచ్చిన ఒక పరిశోధన, ఇలా పుట్టిన వాళ్ళ డీఎన్ఏ మీద కొన్ని ప్రత్యేకమైన రసాయన గుర్తులు పెద్దయ్యాక కూడా చెరగకుండా ఉంటున్నాయని చెప్పింది. అవి విడిపోవడానికి కారణమో, విడిపోయాక మిగిలిన ఆనవాళ్ళో ఇంకా తేలాలి. ఏది తేలినా తల్లి తిన్నది, తాగింది, చూసింది, తొక్కింది వీటిలో ఏదీ కారణం కాదు. తూర్పు గోదావరి జిల్లా దొడ్డిగుంటలో బావి నీళ్ళు తాగితే కవలలు పుడతారని దూరాల నుంచి వచ్చి బిందెలతో, సీసాలతో పట్టుకెళ్ళేవాళ్ళున్నారు. కేరళలో మలప్పురం జిల్లా కొడిన్హి గ్రామంలో లెక్కకు మించి కవలలున్నారని శాస్త్రవేత్తలు వెళ్ళి నమూనాలు తీసుకున్నారు. పిల్లల కోసం బావి దగ్గర నిలబడిన వాళ్ళను నేను తప్పు పట్టను, ఆ బాధ ఎలాంటిదో నాకు తెలుసు. కానీ కవలలు పుట్టడం దానికదే ఒక వరం అన్న ఆలోచనతోనే నాకు పేచీ. ఎందుకో చెబుతాను.

మా పిన్ని కూతురిది రాజాం. మూడేళ్ళ కిందట ఆమెకు నెల తప్పింది. తొమ్మిదో వారంలో ఒక స్కానింగ్ సెంటర్‌లో చూసి "ట్విన్స్" అని కాగితం మీద రాసిచ్చారు. అంతే రాశారు. ఇంట్లో పండగ. పిన్ని నాకు ఫోన్ చేసి "ఓలమ్మ, మీ అమ్మలాగ మనింట్లో మళ్ళీ జంటలే" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఆ కాగితంలో ఇంకో మాట ఉండాలని నాకు అప్పటికి తెలియదు. తర్వాత స్కాన్ పద్దెనిమిదో వారంలో. పొట్ట ఒక్కసారిగా పెరిగిపోయింది, కూర్చుంటే లేవలేకపోయేది. "ఇద్దరు కదా, అలాగే ఉంటది" అని అందరం అన్నాం. నేనూ అన్నాను. ఈసారి చూసిన డాక్టరమ్మ తెర మీద చాలాసేపు వెతికి, మొదటి కాగితం చూపించమని అడిగి, దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "మాయ ఒకటా రెండా అని ఎవరూ రాయలేదా?" అంది. ఆ ప్రశ్న నేను మొదటిసారి విన్నది ఆ గదిలోనే.

ఒకే అండం కవలల్లో పిండం ఎప్పుడు విడిపోయిందన్నదాన్ని బట్టి లోపల ఏర్పాటు మారిపోతుంది. వైద్య పుస్తకాల్లో ఉండే లెక్క ఇది. మొదటి మూడు రోజుల్లో విడిపోతే రెండు మాయలు, రెండు సంచులు ఏర్పడతాయి. చూడ్డానికి మా లాంటి కవలల ఏర్పాటే. ఒకే అండం కవలల్లో దాదాపు మూడోవంతు మంది ఇలా పెరుగుతారు. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య విడిపోతే సంచులు రెండు, మాయ మాత్రం ఒకటే. ఎక్కువ మంది ఈ రకమే. ఎనిమిది దాటి పదమూడు రోజుల లోపు విడిపోతే మాయ ఒకటే, సంచీ ఒకటే. నూటికి ఒకరిద్దరు. ఇద్దరి బొడ్డుతాళ్ళూ ఒకే నీటిలో ఉండి మెలిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాళ్ళను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పదమూడు రోజులు దాటాక విడిపోవడం మొదలైతే పూర్తిగా విడిపోరు. 2003లో తలలు కలిసి పుట్టిన వీణ, వాణిలను తెలుగువాళ్ళలో ఎరగని వాళ్ళు లేరు. ఆ పిల్లల తల్లిని కూడా ఏం తిన్నావని ఎవరో ఒకరు అడిగే ఉంటారని తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. అప్పుడప్పుడే గర్భసంచి గోడకు అతుక్కుంటున్న, కంటికి సరిగా ఆనని పిండంలో జరిగిన సంగతి అది. అప్పటికి ఆ తల్లికి తను కడుపుతో ఉన్నానని కూడా తెలిసి ఉండదు.

మాయ ఒకటే అయితే వచ్చే ఇబ్బంది రక్తనాళాలది. ఒకే మాయ మీద ఇద్దరి నాళాలూ పరుచుకుని ఉంటాయి, లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయి. రక్తం అటూ ఇటూ సమానంగా పోతూ వస్తూ ఉంటే ఫరవాలేదు. ఒకే వైపు ఎక్కువగా పోవడం మొదలైతే ఒక బిడ్డ ఇస్తూ పోతుంది, రెండో బిడ్డ తీసుకుంటూ పోతుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గుతుంది, ఆ సంచిలో ఉమ్మనీరు ఎండిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది. తీసుకునే బిడ్డ సంచి నీటితో ఉబ్బిపోతుంది, ఆ చిన్ని గుండె మోయలేనంత పని చేయాలి. తల్లి పొట్ట హఠాత్తుగా పెరగడానికి కారణం ఈ నీరు. ఒకే మాయ పంచుకునే కవలల్లో నూటికి పది, పదిహేను జంటలకు ఇలా జరుగుతుంది. ముదిరేదాకా వదిలేస్తే ఇద్దరూ దక్కకపోవచ్చు. ముందే పట్టుకుంటే మార్గం ఉంది. సన్నటి గొట్టం లోపలికి పంపి, లేజర్‌తో ఆ కలిసిన నాళాలను మూసేసే చికిత్స పెద్ద నగరాల్లో చేస్తారు. అందుకే మాయ ఒకటే అని తెలిసిన వాళ్ళకు పదహారో వారం నుంచి రెండు వారాలకు ఒకసారి స్కాన్ చేయాలి. మా చెల్లికి పదహారో వారంలో ఎవరూ చేయలేదు. ఎందుకంటే మాయ సంగతి ఎవరూ చూడలేదు, మేం ఎవరం అడగలేదు.

ఆ రాత్రే విశాఖపట్నం తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు తెర మీద పెన్సిల్ పెట్టి మాకు చూపించాడు. ఇద్దరు పిల్లల మధ్య అడ్డుగా ఒక పొర ఉంటుంది. రెండు మాయలు ఉంటే ఆ పొర మాయను చేరే చోట దళసరిగా, గుడిసె కప్పు కొన లాగా, పైన సన్నగా కింద వెడల్పుగా కనబడుతుంది. గ్రీకు అక్షరం ల్యామ్డా లాగా ఉంటుంది కాబట్టి ఆ పేరే పెట్టారు. మాయ ఒకటే అయితే పొర వెంట్రుక లాగా సన్నగా వచ్చి మాయ మీద నిటారుగా దిగుతుంది, ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులు చేసినట్టు. దీన్ని చూడాల్సిన సమయం 11 నుంచి 14 వారాల లోపల. ఆ తర్వాత పిల్లలు పెరిగి, పొరలు అణిగిపోయి, గుర్తు కనబడటం కష్టమవుతుంది. మా చెల్లి విషయంలో ఆయన ఆ పొర సన్నగా ఉండటం, ఇద్దరూ ఆడపిల్లలో మగపిల్లలో గాని ఒకే రకం కావడం, నీటి తేడా, ఇవన్నీ కలిపి తేల్చాడు. ఆడో మగో మాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అదృష్టం, మొదటి దశలోనే ఉంది. లేజర్ అవసరం పడలేదు. వారం వారం బస్సులో వెళ్ళి చూపించుకున్నారు. ముప్పై నాలుగో వారంలో ఆపరేషన్ చేసి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలే. ఒకామె రెండు కిలోలు, ఒకామె కిలో నాలుగు వందల గ్రాములు. చిన్నది పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి వేలు అందిస్తే, గోరు కనబడీ కనబడనట్టున్న ఆ చేతితో పట్టుకుంది. మా తమ్ముడు, మంచం కింద కుంపటి, ఆ రెండు నెలలు గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను.

స్కానింగ్ గదుల్లో ఒక బోర్డు ఉంటుంది, లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం అని. ఆ చట్టం 1994లో వచ్చింది, ఉండి తీరాలి, దాని వల్ల ఎందరో ఆడపిల్లలు బతికారు. కానీ మన వాళ్ళు ఆ బోర్డు చూసి స్కానింగ్ గదిలో ఏమీ అడగకూడదు అనుకుంటున్నారు. మా చెల్లి భర్త అదే అన్నాడు. "అడిగితే పోలీసు కేసు అవుతాదేమో అని టెన్షన్ వదినా" అన్నాడు. మాయ గురించి అడగడం నేరం కాదు. అది తల్లి హక్కు. కాగితం మీద రాయించుకోవాలి కూడా. రిపోర్టులో డీసీడీఏ అని ఉంటే రెండు మాయలు, రెండు సంచులు. ఎంసీడీఏ అంటే ఒక మాయ, రెండు సంచులు. ఎంసీఎంఏ అంటే ఒక మాయ, ఒక సంచి. ఈ మూడు మాటలూ ప్రతి ఆశా కార్యకర్తకూ, ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ నోటికి రావాలని నా కోరిక. మన పల్లెల్లో మాయ అనే మాట తెలియని ముసలమ్మ లేదు. కాన్పయ్యాక మాయ పడిందా లేదా అని తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. అదే ప్రశ్నను ఆరు నెలలు ముందుకు జరిపి అడగమంటున్నాను.

రెండు మాయలు ఉంటే ఇక భయమే లేదని కాదు. ఏ రకం కవలలైనా సగానికి పైగా నెలలు నిండకుండానే పుడతారు. తల్లికి రక్తహీనత, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగుల మీద నవ్వుతున్న ఇద్దరు పిల్లల బొమ్మ చూస్తే నాకు మనసు ఒప్పదు. అండాలు పెరగడానికి ఇచ్చే మందుల వల్ల, ఐవీఎఫ్‌లో (టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో) ఒకటి కంటే ఎక్కువ పిండాలు పెట్టడం వల్ల కవలలు పెరిగారు. ప్రపంచం మొత్తం మీద 1980లలో 1000 కాన్పులకు 9 కవలల కాన్పులు ఉంటే ఇప్పుడు 12. పెళ్ళిళ్ళు, కాన్పులు ఆలస్యం కావడం కూడా ఇందులో ఉంది. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒకామె ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలను కన్నప్పుడు టీవీలన్నీ సంబరం చేశాయి. ఒక్క పిండాన్నే పెట్టడం తల్లికీ బిడ్డకూ క్షేమం అని వైద్య ప్రపంచం చాలా ఏళ్ళుగా చెబుతోంది. "ఒక ఖర్చుతో ఇద్దరు" అని ఆశపెట్టే వాళ్ళ మాట వినే ముందు ఆ అద్దాల పెట్టెల గదిలో ఒక గంట కూర్చోమని చెప్పాలనిపిస్తుంది.

పోలికల గురించి అందరికీ సరదా కాబట్టి అదీ చెబుతాను. మా చెల్లి పిల్లలు అచ్చం ఒకేలా ఉంటారు. పెద్దదానికి కుడి బుగ్గ మీద, చిన్నదానికి ఎడమ బుగ్గ మీద దిష్టిచుక్క పెడుతుంది. మొదటి ఏడాది మొలతాళ్ళు కూడా వేరు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. స్నానం చేయించినప్పుడు చుక్క చెరిగిపోతే మొలతాడే దిక్కు. అయినా ఇద్దరూ ఒకటి కాదు. వేలిముద్రలు వేరు. జన్యువులు ఒకటే అయినా, కడుపులో వేళ్ళ మీద గీతలు ఏర్పడే రోజుల్లో బిడ్డ ఏ మూలన ఉంది, ఎలా కదిలింది, చుట్టూ ఒత్తిడి ఎంత అన్నదాన్ని బట్టి అవి మారతాయి. ఇంకో మాట. చూడ్డానికి ఒకేలా ఉన్నారు కాబట్టి మాయ ఒకటే అయి ఉంటుందని, రెండు మాయలు ఉన్నాయి కాబట్టి రెండు అండాలే అని అనుకోవడం రెండూ తప్పే. ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయి, మాయలు రెండు ఉంటే డీఎన్ఏ పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మొన్నామధ్య పెళ్ళిలో ఒకావిడ మా చెల్లితో "ఇద్దరూ ఆడపిల్లలే అయ్యారు" అని జాలి పడింది. మా అమ్మ పక్కనే ఉంది. "ఒకే గింజ రెండు మొక్కలైంది. అందులో ఈ పిల్ల చేసిందేటి?" అని గట్టిగా అడిగింది. నలభై అయిదేళ్ళ కిందట తన తరఫున ఎవరూ అడగని మాట అది.

పోయిన నెల నేను రాజాంలో ఉండగా మా చెల్లి వాళ్ళ వీధిలో అమ్మాయి ఒకామె వచ్చింది. మొదటి కాన్పు, స్కాన్‌లో కవలలు అని చెప్పారట. మిఠాయి డబ్బా తెచ్చి, "అక్కా, నాకూ మీ పిల్లల్లాగే ఒకేలా పుడతారా?" అని అడిగింది. చెల్లి డబ్బా పక్కన పెట్టి, ముందు ఫైలు ఇవ్వమంది. చాప మీద కూర్చుని రిపోర్టు మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతికింది. పిల్లలిద్దరూ వీపు మీద ఎక్కుతుంటే ఒక చేత్తో వాళ్ళను పట్టుకునే చదివింది. ఎక్కడా ఆ అక్షరాలు కనబడలేదు. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఇప్పుడు ఎన్నో వారం?"

"పదమూడు నడుస్తోంది అక్కా."

"అయితే రేపు కాదు, ఇప్పుడే బయల్దేరు. మాయ ఒకటా రెండా అని అడుగు. నోటితో చెబితే ఒప్పుకోకు, కాగితం మీద రాయించుకుని రా" అని చెప్పి, పిల్లలను నా ఒడిలో వదిలేసి, తోడు వెళ్ళడానికి చెప్పులు వేసుకుంది.